తుగ్లకునకు ఓటు: ఒక పరిహాసాభ్యర్థి నాటకమును గూర్చి

తుగ్లకు అను పేరు తెలుగువారికి రెండు దారుల వచ్చినది. మొదటిది చరిత్ర దారి. 1323వ సంవత్సరమున ఢిల్లీ సేనలు ఓరుగల్లు కోటను పట్టుకొని కాకతీయ రాజ్యమును అంతమొందించినపుడు ఆ సేనలను నడిపినవాడు యువరాజగు ఉలుగుఖాను. అతడే 1325లో మహమ్మదు బిన్ తుగ్లకు అను పేర సింహాసనము నెక్కెను. బందీయై ఢిల్లీకి పోవుచున్న ప్రతాపరుద్రుడు నర్మదా తీరమున మరణించెనని ముసునూరి ప్రోలయనాయకుని విలసశాసనము తెలుపుచున్నది. ఆ పిమ్మటి కాలమును లోకమున చీకటి క్రమ్మిన కాలముగా ఆ శాసనకవి వర్ణించినాడు. రెండవది సామెత దారి. రాజధానిని ఢిల్లీనుండి దేవగిరికి మార్చుట, హీనలోహపు నాణెమును వెండి నాణెపు విలువకు చెలామణి చేయింపజూచుట అను రెండు కథలు పాఠ్యపుస్తకముల మూలమున ఇంటింటికి చేరినవి. అందుచేత ఏ పంచాయతీ కచేరీలో తలాతోకా లేని ఉత్తరువు వెలువడినను “తుగ్లకు పాలన” అనుట మనకు పరిపాటి యైనది. ఒకే మనుష్యుని పేరు శాసనమున దుఃఖము, రచ్చబండయొద్ద నవ్వు.

ఈ రెండవ తుగ్లకును 1968లో ఎన్నికల యందు నిలువబెట్టినవాడు తమిళ నాటకకర్త చో రామస్వామి. ఆయన వృత్తిచే న్యాయవాది, ప్రవృత్తిచే నటుడు, పిమ్మట పత్రికా సంపాదకుడు. ‘మహమ్మదు బిన్ తుగ్లకు’ అను ఆ నాటకము చెన్నపట్టణపు సభలలో విశేషముగా ప్రదర్శింపబడినది. 1970లో ఆయన ఆరంభించిన పత్రికకును తుగ్లకు పేరే పెట్టినాడు. 1971లో ఆయన దర్శకత్వముననే అది చలనచిత్ర మయ్యెను. ఆ మరుసటి యేడు నాగభూషణము ప్రధానపాత్ర ధరింపగా బి. వి. ప్రసాదు దర్శకత్వమున తెలుగు చిత్రముగను వెలువడినది. పరరాష్ట్రములలో తరతరములుగా ఓటు వేయుచున్న మనవంటివారికి ఈ నాటకము వినోదము మాత్రమే కాదు. ఓటు అను దానిని గూర్చి అది యొక తీర్పు చెప్పుచున్నది. ఆ తీర్పు న్యాయమైనదా అని విచారించుటయే ఈ వ్యాసమున నేను తలపెట్టిన పని.

మా కుటుంబము చెన్నపట్టణమున స్థిరపడి మూడు తరములైనది. ఇంట తెలుగు, వీథిలో తమిళము. తెలుగు పండితులైన మా తాతగారి ప్రక్కన కూర్చుండి చిన్నతనమున ఈ నాటకమును నేను చూచితిని. సమాధినుండి లేచివచ్చిన సుల్తాను ఎన్నికలలో నిలుతునని ప్రకటింపగానే తాతగారు నా చెవిలో “ఓరుగల్లును కూల్చినవాడు గదరా అబ్బీ! వీనికి మనవాళ్లు ఓటు వేస్తారా?” అన్నారు. కొంతసేపటికి సుల్తాను ప్రధానమంత్రి యైనాడు. తాతగారు నావైపు తిరిగి “వేసినారే!” అని విరగబడి నవ్వినారు. సభలో అందరును నవ్వుచునే యుండిరి. కాని ఆయన నవ్విన కారణము వేరు. వారు నవ్వినది సామెతలోని తుగ్లకును చూచి. ఆయన నవ్వినది శాసనములోని తుగ్లకును చూచి.

కథ సంగ్రహముగా నిది. ఢిల్లీ యందు సమాధులు తెరువగా అందుండి మహమ్మదు బిన్ తుగ్లకును, అతని ఆస్థానమును సందర్శించిన యాత్రికుడు ఇబ్న్ బతూతాయును సజీవులై వెలువడుదురు. ఆరువందల యేండ్లు నిద్రించి లేచితి మందురు. లోకము నమ్మును. తుగ్లకు ఎన్నికలలో పోటీచేసి నెగ్గును. తన పక్షమున చేరిన ప్రతి సభ్యునికి ఉపప్రధాని పదవి నొసగుదునని వాగ్దానము చేయగా పార్టీలన్నియు కరగిపోయి ఆతని చుట్టు మూగును. భాషాసమస్యను ఒక్క వ్రేటున తీర్చుటకై పారసీకమును దేశమునకు అధికారభాషగా ప్రకటించును. తుదకు తేలిన రహస్య మేమనగా, వీరిరువురును నేటికాలపు సామాన్య యువకులు. రాజకీయముల కుళ్లును బయటపెట్టి జనమునకు బుద్ధి చెప్పవలెనని పెద్ద లొకరు వేయించిన వేషము లివి. పని తీరగానే వేషము విప్పవలెనని ఒప్పందము. అయితే సుల్తాను వేషము వేసినవానికి గద్దె రుచి తెలిసినది. విప్పననును. నిజము చెప్పబోయిన మిత్రుని పక్షమున జనము నిలువదు. సుల్తాను పక్షముననే నిలుచును.

ఓటునకు తగని అభ్యర్థిని నవ్వులాటకై నిలుపుట చో కల్పించిన వింత కాదు. 1959 అక్టోబరులో బ్రెజిలు దేశమునందలి సావోపాలో నగరసభ ఎన్నికలలో అచటి జంతుప్రదర్శనశాలలోని ఖడ్గమృగ మొకటి పోటీ చేసినది. దాని పేరు కకరేకో. అనగా పనికిరాని పాతసామాను అని అర్థము. ధరల పెరుగుదలతోను, వీథుల దుస్థితితోను విసిగిన జనులు ఆ పేరుతో చీటీలు అచ్చొత్తించి పంచి, పెట్టెలలో వేసిరి. ఓట్లు ఇంచుమించు లక్ష పడినవి. ఏ మనుష్యాభ్యర్థికిని అన్ని రాలేదు. అధికారులు ఆ ఓట్లను చెల్లనివిగా త్రోసిపుచ్చినను, నిరసనగా వేయు ఓటునకు ఆ దేశభాషలో ఆ మృగము పేరే స్థిరపడినది. మన వైపున కర్ణాటకమున రంగస్వామి యను నొకాయన ‘హొట్టె పక్ష’ మనగా పొట్ట పార్టీ పేర ఎనుబదికి పైగా ఎన్నికలలో నిలిచి ఓడినాడు. తమిళనాట మెట్టూరుకు చెందిన పద్మరాజన్ 1988 మొదలుకొని రెండు వందలకు మించిన ఎన్నికలలో పోటీ చేసినారు. 1991లో పి. వి. నరసింహారావు ప్రధాని హోదాలో నంద్యాల ఉపఎన్నికకు నిలిచినపుడు, తెలుగువా డనెడి అభిమానముచే తెలుగుదేశము అభ్యర్థిని పెట్టక మిన్నకుండగా, మెట్టూరునుండి వచ్చి ఎదురు నిలిచినవారిలో ఈయన యొకరు. ఈ ఏకాకులను గూర్చి పత్రికలు ఏటేట వ్రాయునవే గాన ఇచట విస్తరింపను.

ఖడ్గమృగమునకును తుగ్లకునకును గల భేదమే ఈ నాటకపు ఆయువుపట్టు. ఖడ్గమృగము గెలిచినను గెలువదు. ఓటు వేసినవానికి ఆ సంగతి తెలియును. కనుక అతని నవ్వునకు బాధ్యత లేదు. మరునాడు ఉదయము ఎవడో మనుష్యుడు ఆ కుర్చీలో కూర్చుండునే గాని మృగము కూర్చుండదు. చో ఈ రక్షణను తీసివేసినాడు. పరిహాసాభ్యర్థి నిజముగా గెలిచి, ప్రమాణస్వీకారము చేసి, దస్త్రములపై చేవ్రాలు పెట్టసాగిన నేమగును? ఎన్నికలను వెక్కిరించిన రచనలు మన భాషలోను తక్కువ గావు. వీరేశలింగముగారు ‘వ్యవహార ధర్మబోధిని’లో కచేరీలను, వకీళ్లను చీల్చి చెండాడిన నాటినుండి అధికారమును నవ్వుల పాలుచేయుట తెలుగు ప్రహసనమునకు అలవాటే. అయితే ప్రహసనము సాధారణముగా దోషిని పట్టియిచ్చుటతో ముగియును. ఈ నాటకమున దోషిని పట్టియియ్యవచ్చినవాడే దోషి యగుచున్నాడు. నేను చదివిన, చూచిన రాజకీయ హాస్యములలో ఇంత దూరము పోయినవి అరుదు.

ఉపప్రధానుల ఘట్టమును కొంత నిదానించి చూడవలసియున్నది. 1967 ఎన్నికల పిమ్మట అనేక రాష్ట్రములలో శాసనసభ్యులు పూటకొక పార్టీకి గెంతుచుండిరి. హర్యానాలో గయాలాల్ అను సభ్యుడు కొలది దినములలో పలుమారులు పార్టీ మార్చుటచే ‘ఆయారామ్ గయారామ్’ అను మాట దేశమంతట వ్యాపించినది. నాటకము ఆ మరుసటి సంవత్సరపుది. గెంతినవానికి మంత్రిపదవి లభించుట అప్పటికే వాడుక యైనది. ఆ వాడుకను చో కొంచెము సాగదీసి, అందరికిని ఉపప్రధాని పదవులు పంచిపెట్టించినాడు. దీనిని అతిశయోక్తి యని అందరును నవ్విరి. కాని, 1985లో 52వ రాజ్యాంగ సవరణముచే ఫిరాయింపులను నిషేధింపవలసి వచ్చినది. అదియు చాలక, 2003లో 91వ సవరణముచే మంత్రుల సంఖ్య సభ్యుల సంఖ్యలో నూటికి 15కు మించరాదని కట్టడి చేయవలసి వచ్చినది. అనగా 1968లో రంగస్థలముపై అసంభవముగా తోచిన హాస్యమును, ముప్పదియైదేండ్ల తరువాత శాసనము పనిగట్టుకొని నిషేధించినదన్నమాట. హాస్యకవికి ఇంతకంటె గొప్ప యోగ్యతాపత్రము వేరొకటి లేదు.

పారసీకమును గూర్చిన ఘట్టము మనబోటి వారికి మరింత దగ్గర. 1965లో హిందీ వ్యతిరేకోద్యమము తమిళనాడును కుదిపివేసినది. 1967లో ప్రభుత్వము మారుటకు అది ముఖ్యకారణములలో నొకటి. హిందీవారు హిందీ యందురు, ఇతరులు ఇంగ్లీషు యందురు. సుల్తాను ఇరువురికిని రాని భాషను అందరి నెత్తిన పెట్టి సమత్వము స్థాపించినాడు. ఎవరికిని లాభము లేదు గనుక ఎవరికిని అసూయ లేదు! తమిళ ప్రేక్షకులు తమ గాయముపై వేసిన ఈ హాస్యమునకు చప్పట్లు కొట్టిరి. చప్పట్లు కొట్టుచున్న ఆ జనమున తెలుగిండ్లవారు మేమును కొందర ముంటిమి. మా ఇంటి భాష ఆ కలహమున ఏ పక్షమునను లేదు. హిందీకిని తమిళమునకును ఇంగ్లీషునకును ఎవరో వకాల్తా పుచ్చుకొనియుండిరి. పారసీకమువలె మా భాషయు ఆ వ్యాజ్యములో కక్షిదారు గాని భాష. సుల్తాను ఉత్తరువును విని నవ్వితిమే గాని, ‘ఎవరికిని రాని భాష’ యను మాట నా మనస్సున ములుకువలె నిలిచినది. బెంగుళూరున, బరంపురమున, షోలాపురమున మనవారి పిల్లలు తెలుగు మాటాడుదురు గాని చాలమందికి చదువుట రాదు. నాటకకర్త ఇది తలచి వ్రాయలేదు. మంచి హాస్యము తాను గురిపెట్టనిచోట గూడ తగులును.

తెలుగు చిత్రమునకు వచ్చుసరికి ఈ ఘట్టపు పదును తగ్గుట సహజము. నాగభూషణముగారు ఎం. ఆర్. రాధా తమిళమున ప్రసిద్ధికి తెచ్చిన ‘రక్తకన్నీరు’ను తెలుగు రంగస్థలమున తమ సొత్తు చేసికొన్న నటులు. వెటకారము పలుకుటలో వారికి సాటి తక్కువ. కొరత నటునిలో లేదు, కాలమునందును దేశమునందును ఉన్నది. 1969లో తెలంగాణోద్యమము, 1972లో జై ఆంధ్ర ఉద్యమము చెలరేగిన తెలుగునేలపై ఆనాటి పుండు భాష గాదు. ఒకే భాష మాటాడువారి మధ్య వాటాల తగవు. పారసీకమును తెచ్చిన సుల్తాను అచట తీర్పదగిన తగవే లేదు. రాజధానిని ఎచటికి మార్చవలె నను ప్రశ్నను పట్టుకొనియుండిన, తెలుగువానికి అది నేటికిని మండెడి నిప్పు. దేవగిరి కథ చేతిలోనే యున్నది గదా! రూపాంతరము చేయువారు మాటలను మార్చిన చాలదు, గాయమును వెదకి పట్టుకొనవలెను.

ఇచట కన్నడ నాటకమును తలపక తీరదు. గిరీశ్ కర్నాడ్ ‘తుగ్లక్’ 1964 నాటిది. చో నాటకమునకు నాలుగేండ్లు ముందు. కర్నాడ్ తుగ్లకు ఆదర్శవాది. ఆదర్శము కత్తియై తనవారినే నరుకుచుండగా ఒంటరియై మిగులును. అందు అజీజ్ అను చాకలి కలడు. సుల్తాను చేసిన ప్రతి న్యాయశాసనమును తన మోసమునకు నిచ్చెనగా వాడుకొని, వేషముపై వేషము మార్చి, చివరకు సుల్తాను చేతనే మెప్పు పొందును. మారువేషగాడు సుల్తాను ఎదుట నిలిచిన ఆ ఘట్టము ఎంత గంభీరమో! చో ఆ రెండు పాత్రలను ఒక్కటి చేసినాడు: మారువేషగాడే సుల్తాను. దీనిచే హాస్యము పెరిగినది, దుఃఖము తగ్గినది. కర్నాడ్ చరిత్రలోని మనుష్యుని కైకొన్నాడు. చో సామెతను కైకొన్నాడు. ఓరుగల్లు ఏ నాటకమునను ప్రధానము కాదు. అది వారి దోషము కాదు, మన పని.

ఇక నాటకపు దోషము. చో సంభాషణ రచయిత. పాత్రలు వచ్చి నిలుచుండి మాటాడును. మాట చురుకుగా నుండుటచే లోపము కనబడదు. కాని, జనము అను పాత్రకు మాట లేదు. ఓటు వేసినవారు ఎందులకు వేసిరో నాటకపు పూర్వార్ధమున మనకు స్పష్టముగా తెలియును. ఎదుటనున్న పార్టీలన్నియు కుళ్లినవి. ఈ సుల్తాను తన పిచ్చిని దాచుట లేదు. దాచినవానికంటె దాచనివాడు మేలని తలచుట మూర్ఖత కాదు. సావోపాలో ఓటరును సరిగా ఇట్లే తలచినాడు. పూర్వార్ధమున జనమున కిచ్చిన ఈ బుద్ధిని నాటకకర్త ఉత్తరార్ధమున తిరిగి లాగుకొన్నాడు. నిజము చెప్పువానిని కాదని సుల్తానుకు జేకొట్టునపుడు వారు వట్టి మంద. ‘జన మిట్టిదే’ అని ప్రేక్షకుడు తల యూపుచు లేచిపోవును. తాను ఆ జనమున చేరినవాడు కానట్లు!

అంతకంటె పెద్ద ప్రశ్న మరొకటి. వేషము వేయించిన పెద్దమనిషి మాట యేమి? జనమునకు బుద్ధి చెప్పుటకై జనమునే మోసగింపవచ్చునను పన్నాగము ఆయనది. అది విఫలమైనపుడు నాటకము ఒక యువకుని పదవీలోభమును చూపి ఊరకున్నది. మోసమున మొదలైన పాఠమును నమ్మినందులకు జనమును నిందించుట ఏ నీతి? తాతగారు “వేసినారే!” అని నవ్వినపుడు నేనును నవ్వితిని. ఇన్నేండ్లకు ఆలోచింపగా, అచట నవ్వదగినవారు వేసినవారు గాదు, నిలువబెట్టినవారని నాకు తోచుచున్నది. ఈ అభిప్రాయమును చో అభిమానులగు నా తమిళ మిత్రు లంగీకరింపరు. వారి వాదము, ఓటరును నిందింపని రాజకీయ హాస్యము ముఖస్తుతి యగునని. ఆ వాదమున సత్య మున్నది. అయినను, నిందింపబడువాని చేత ఒక్క మాటయైన పలికింపవలదా?

జనమే స్వయముగా పరిహాసాభ్యర్థిత్వమును చేతబట్టిన సందర్భములు మన కన్నుల ఎదుటనే జరిగినవి. 1996 లోకసభ ఎన్నికలలో నల్లగొండ నియోజకవర్గమున 480 మంది అభ్యర్థులు నిలిచిరి. త్రాగునీటిలోని ఫ్లోరైడు వలన పండ్లు గారపట్టి, ఎముకలు వంగి, పడుచువారు సైతము ముసలివారివలె నడచు పల్లెల వెత అది. జలసాధన సమితి పిలుపున వందలకొలది జనులు నామపత్రములు వేసిరి. అదే సంవత్సరము తమిళనాట ఈరోడు చెంత మొడకురిచ్చి శాసనసభా స్థానమునకు రైతుల నిరసనగా 1,033 మంది నిలువగా బాలెట్ పత్రమును పుస్తకముగా కుట్టవలసివచ్చినది. బెల్గాములో సరిహద్దు తగవును చాటుటకై 456 మంది నిలిచిరి. ఓటు వేయబోయినవాడు పుటలు త్రిప్పుచు తన అభ్యర్థిని వెదకుకొను దృశ్యమును ఊహింపుడు! చో కలమునుండి రాదగిన ఘట్ట మది. కాని దానిని వ్రాసినది ఏ న్యాయవాదియు గాదు. వారిలో ఎవడును సుల్తాను వేషము వేయలేదు, ఎవడును గెలువదలపలేదు. తమ పేరే తమ వేషము. అధికారయంత్రాంగమునే నవ్వులపాలు చేసి, తమ నీటిచుక్కను, తమ పంటధరను, తమ భాషను దేశమున కెరుకపరచిరి.

ప్రభుత్వము ఆ హాస్యమునకు ఇచ్చిన ప్రత్యుత్తరము గమనింపదగినది. అదే 1996లో చట్టమును సవరించి లోకసభ అభ్యర్థి ధరావతును 500 రూపాయలనుండి 10,000కు, శాసనసభ అభ్యర్థి ధరావతును 250నుండి 5,000కు పెంచిరి. స్వతంత్రుని ప్రతిపాదించువారు పదిమంది యుండవలెననిరి. పిమ్మట లోకసభకు అది 25,000 అయ్యెను. 2013లో సుప్రీంకోర్టు తీర్పుచే ‘పైవారెవరును కారు’ అను మీట యంత్రముపై వెలసినది. ఖడ్గమృగమునకు బదులుగా ఒక శూన్యము. అందు నిరసన యున్నది గాని నవ్వు లేదు. 2019లో నిజామాబాదున పసుపు, ఎర్రజొన్న రైతులు ఆ మీటతో తృప్తిపడక, తలకు 25,000 చెల్లించి, నూటడెబ్బదికి పైబడి నామపత్రములు వేసిరి. అభ్యర్థుల మొత్తము 185. ఒక్కొక్క పోలింగు కేంద్రమున పండ్రెండు ఓటు యంత్రపు పలకలను వరుసగా అమర్చవలసివచ్చెను. ఆ రైతులు కోరిన పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాదుననే ప్రారంభమైనది.